నీటి రాత - నిత్య సాధన

ఈ ఉదయం మీ ఇంట దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు ఏం చేశారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పళ్లెం కింద పెట్టే ముందు ఉద్ధరిణితో కాసిని నీళ్లు నేలపై వదిలి, కుడిచేతి వేలితో నాలుగు పలకలుగా ఒక గీత గీశారు. ఆ తడి మీద పళ్లెం ఉంచారు. చుట్టూ మరొకసారి నీటిని తిప్పారు. నివేదన ముగించి, హారతి ఇచ్చి, పళ్లెం తీసేసరికి ఆ గీతలో సగం ఆరిపోయింది. మిగిలిన సగాన్ని గుడ్డతో తుడిచేశారు. ఆ గీత ఎలా వచ్చిందో, ఎటు వంకర తిరిగిందో, ఎప్పుడు ఆరిందో అడిగితే మనలో చెప్పగలిగేవారు ఎందరు?

పెద్దలు ఆ గీతను చతురస్ర మండలం అన్నారు. నైవేద్యాన్ని వట్టి నేల మీద కాక, నీటితో శుద్ధి చేసిన చోట ఉంచాలన్నది దాని తొలి ప్రయోజనం. అయితే శుద్ధి ఒక్కటే కావాలంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు కదా! వేలితో గీయడం ఎందుకు? నాలుగు పలకలు ఎందుకు? ఈ ప్రశ్న వేసుకుంటే, మన ఇళ్లలో ఎంతో కాలంగా ఉండి కూడా మన కంట పడని ఒక సాధన బయటపడుతుంది.

నీటితో గీతలు గీసి, అవి ఆరిపోయే దాకా చూస్తూ కూర్చోవడం ఇప్పుడు అనేక దేశాల్లో ధ్యాన పద్ధతిగా ఆదరణ పొందుతోంది. తడి కుంచెతో గీస్తే నల్లగా కనిపించి, కొద్దిసేపటికి దానంతట అదే మాయమయ్యే పలకలను దుకాణాల్లో అమ్ముతున్నారు కూడా. కొనుక్కున్నవారిని తప్పుపట్టనక్కర లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ పలక మన దేవుడి గదిలోనే ఉంది. దానికి కావలసిన నీరు పంచపాత్రలో ఉంది. లేనిదల్లా ఆ గీత ఆరేదాకా కూర్చునే ఓపిక. ఆ ఓపికను తిరిగి తెచ్చుకోవాలనీ, దానితోపాటు ఆ నీటి పట్ల మన బాధ్యతను కూడా గుర్తించాలనీ మీకు విన్నవించడానికే ఈ నాలుగు మాటలు.

దేవుడు ఆరగించే వ్యవధి

మా అమ్మమ్మది కొల్లేటి లంక గ్రామం. ఆవిడ వంటింట్లోనే ఒక మూల దేవుడి గూడు ఉండేది. దాని ముందు ఒక నల్లని కడప బండ. ఆ బండ మీద ఆవిడ ఉంగరపు వేలితో నీటి చతురస్రం గీస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఆరిన రాయి బూడిద రంగులో ఉండేది. వేలు నడిచిన మేర మాత్రం నల్లగా నిగనిగలాడేది. ఆవిడ చేయి మధ్యలో ఎత్తేది కాదు. మొదలుపెట్టిన మూలకే వచ్చి వేలు ఆగేది. నా దృష్టి అంతా చక్కెర పొంగలి మీద. ఎప్పుడు లేద్దామా అని నేను చూస్తుంటే ఆవిడ అనేది: “గీత ఆరేదాకా కూర్చోరా నాన్నా. దేవుడు తినడానికి ఆ మాత్రం వ్యవధి ఉండొద్దూ?”

ఆ మాటలోని లోతు చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. నివేదన చేసిన తరువాత కొంతసేపు కళ్లు మూసుకుని, స్వామి ఆరగిస్తున్నట్టు భావన చేయాలని మన పెద్దలు చెబుతారు. ఆలయాల్లో ఆ సమయానికి తెర వేస్తారు. ఇంట్లో ఎంతసేపు అన్న ప్రశ్నకు అమ్మమ్మకు గడియారం అక్కరలేకపోయింది. నీరే ఆవిడకు కాలమానం. రోహిణి కార్తె ఎండల్లో ఆ వ్యవధి తక్కువ. చూస్తుండగానే గీత మాయమయ్యేది. శ్రావణంలో గాలి నిండా తేమ ఉంటుంది గనుక చాలాసేపు నిలిచేది. మనం ఎంత తొందరపడినా నీరు తొందరపడదు. కూర్చున్నవాడే తన వేగాన్ని తగ్గించుకోవాలి.

ఎప్పుడైనా శ్రద్ధగా గమనించండి. గీత ఒక్కసారిగా ఆరదు. నీరు పలుచగా ఉన్న అంచులు ముందు వెనక్కి తగ్గుతాయి. వేలు మలుపు తిరిగిన మూలల్లో నీరు కాస్త ఎక్కువగా చేరుతుంది గనుక అవి చివరిదాకా మిగులుతాయి. నాలుగు గీతలు పోయి నాలుగు బిందువులు నిలుస్తాయి. కొంతసేపటికి అవీ ఉండవు. మొదట రూపం, తరువాత బిందువు, ఆ తరువాత ఏమీ లేని రాయి. లయం అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చూపగల గ్రంథం ఏది? మీరు గీసినది మీ కళ్లముందే, మిమ్మల్ని అడగకుండా వెళ్లిపోతుంది. “నేను చేశాను, ఇది నాది” అన్న పట్టు సడలడానికి రోజూ దొరికే పాఠం అది.

రూపం లేని రూపాలు

“బొమ్మ కాదు, పువ్వు కాదు, దేవుడి రూపమూ కాదు. వట్టి గీతను చూస్తే మనసు ఎలా నిలుస్తుంది?” అని మీకు సందేహం కలగవచ్చు. కంటికి తెలిసిన వస్తువుల పోలిక లేని చిత్రాన్ని కళాకారులు నైరూప్య చిత్రం అంటారు. కొల్లేటికి ఎంతో దూరం లేని గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు ఆ కళలోనే అంతర్జాతీయ ఖ్యాతి గడించారు. ఆ మాట కొత్తదైనా ఆ చూపు మన ఆరాధనకు కొత్తది కాదు. సాలగ్రామానికి కనుముక్కు తీరు లేదు. శివలింగానికి కాలుసేతులు లేవు. శ్రీచక్రం అంతా త్రికోణాలు, పద్మదళాలు, వలయాలు, చతురస్రాలే. తమిళనాట జంబుకేశ్వరంలో పరమేశ్వరుడు జలలింగంగా పూజలందుకుంటున్నాడు. రూపం దగ్గర మొదలైన మనసు రూపం దాటి వెళ్లడానికి మన పెద్దలు వేసిన మెట్లు ఇవన్నీ.

నీటితో గీసే మండలాలకైతే మన పూజావిధానంలో పెద్ద వరుసే ఉంది. శ్రీవిద్యోపాసకులు నవావరణ పూజలో సామాన్యార్ఘ్యం ఉంచే చోట బిందువు, త్రికోణం, షట్కోణం, వృత్తం, చతురస్రం నీటితోనే గీస్తారు. అది గురూపదేశం పొందినవారి విధి. మనం చూసి అనుకరించవలసినది కాదు. శ్రాద్ధ కర్మలో విశ్వేదేవతల స్థానంలో చతురస్రం, పితృదేవతల స్థానంలో వృత్తం ఏర్పరుస్తారు. విస్తరి ముందు కూర్చుని అన్నం చుట్టూ నీరు తిప్పే పరిషేచనం కూడా ఒక వలయమే. ఇక నైవేద్యపు చతురస్రం ప్రతి గృహస్థుడిదీ, ప్రతి ఇల్లాలిదీ. దానికి ప్రత్యేక దీక్ష అక్కరలేదు.

ఉత్తరాదిన బృందావనంలో, మనం మహాలయ పక్షం అనే రోజుల్లో, ఆలయాల్లో సాంఝీ అనే చిత్రకళ కొలువుదీరుతుంది. అందులో ఒక విధానం జల సాంఝీ. నిశ్చలంగా నిలిపిన నీటి మీద రంగు పొడులు చల్లి రాధాకృష్ణుల లీలలు చిత్రిస్తారు. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లోనూ ఈ కళ ఉంది. నీరు కాస్త కదిలితే చిత్రం చెదురుతుంది గనుక చిత్రకారుడి ఊపిరి సైతం అదుపులో ఉండాలి. దేశం దాటి చూస్తే, చైనా రాజధాని బీజింగ్ ఉద్యానవనాల్లో 1990ల నుంచి వృద్ధులు పొడుగాటి కర్రకు అమర్చిన స్పాంజి కుంచెను నీటిలో ముంచి, నడకదారి రాతి పలకల మీద అక్షరాలు రాస్తున్నారు. దానిని దీషూ అంటారు, అంటే నేల రాత. వరుస చివరికి వచ్చేసరికి మొదటి అక్షరాలు ఆరిపోతుంటాయి. ఎవరూ విచారించరు. రేపు మళ్లీ వస్తారు.

తెలుగులో “నీటి మీద రాతలు” అంటే నిలకడ లేని మాటలని ఎత్తిపొడుపు. లోకవ్యవహారంలో అది నిజమే. సాధనలో మాత్రం ఆ నిలవకపోవడమే గుణం. నిలిచిపోయే గీతను మెచ్చుకునేవారుంటారు, పోల్చేవారుంటారు. గీసినవారికి గర్వమో చిన్నతనమో కలుగుతుంది. ఆరిపోయే గీతకు ఆ బాధ లేదు. బాగా వచ్చినదీ పోతుంది, వంకర వచ్చినదీ పోతుంది.

ఈ సందర్భంలో ఒక మాట నిష్ఠురంగా చెప్పక తప్పదు. మన గుమ్మాల ముందు కళ్లాపి పోయింది, స్టిక్కర్ ముగ్గు వచ్చింది. ఒకసారి అంటిస్తే నెలల తరబడి చెరగదు. అది ఇంటికి అలంకారం కావచ్చు గానీ చేతికి సాధన కాదు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి, గీతను మొదలుపెట్టిన చోటుకే తేవడంలో ఇల్లాలి మనసు ఎంత నిలకడగా ఉండేదో ఆలోచించండి. అపార్టుమెంట్లలో కళ్లాపి చల్లడానికి చోటు లేదన్నది నిజమే. అందుకే నీటి గీతను గుర్తు చేస్తున్నాను. దానికి జానెడు చోటు చాలు. మరక పడదు. పొరుగువారికి అభ్యంతరం ఉండదు.

చేయి వెనకాడిన రోజు

ఇంత చెప్పిన నేను ఏళ్ల తరబడి ఆ గీతను అర నిమిషంలో గీసి లేచినవాణ్ణే. ఒక చేత్తో నీరు వదులుతూ కళ్లతో గడియారం చూసినవాణ్ణే. నన్ను ఆపినది ఏ గ్రంథమూ కాదు, ఒక భయం.

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో వందలాది మంది హఠాత్తుగా మూర్ఛతో, వాంతులతో ఆసుపత్రి పాలైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. పురుగుమందుల అవశేషాల మీద కూడా అనుమానాలు వచ్చాయి. నీటి వల్లనా, తిండి వల్లనా అన్న చర్చ సాగుతున్న ఆ రోజుల్లో ఊరంతా కొళాయిని అనుమానంగా చూసింది. మా ఇంట్లోనూ తాగడానికి డబ్బా నీళ్లు తెచ్చుకున్నాం. ఒక ఉదయం దేవుడి ముందు కూర్చుని ఉద్ధరిణి ఎత్తబోయి ఆగిపోయాను. పంచపాత్రలో ఉన్నవి కొళాయి నీళ్లు. మేము నోట పెట్టడానికి జంకిన నీటితో స్వామికి పీట గీయడమా? దానినే తీర్థమని పిల్లల చేతిలో పోయడమా?

ఆ రోజు ఆ నీళ్లు పారబోసి, డబ్బా నీళ్లు నింపి పూజ ముగించాను. కానీ మనసు తృప్తి పడలేదు. నీరు మార్చాను, ప్రశ్న మిగిలింది. ఇన్నేళ్లుగా రోజూ దేవుడి ముందు గీస్తున్న ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోంది, దానికి ఏమవుతోంది అని నేను ఏనాడైనా అడిగానా?

కలశ పూజలో మనం ఏడు నదులను పేరుపేరునా పిలిచి, ఆ చిన్న పాత్రలోకి రమ్మని ప్రార్థిస్తాం. వాటిలో గోదావరి ఒకటి. దూరదేశంలో ఉన్నవారికి అది భావన. తాడేపల్లిగూడెం, ఏలూరు వాసులకు మాత్రం అది అక్షరాలా సత్యం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని గోదావరి నీరు ఏలూరు కాలువగా మన ఊళ్ల మీదుగా ప్రవహిస్తోంది. విజయవాడ నుంచి కృష్ణమ్మ కూడా మరో కాలువగా ఏలూరు దాకా వస్తోంది. రెండు మహానదులు మన గుమ్మం దాకా నడిచి వచ్చిన నేల ఇది. మరి ఆ కాలువకు మనం ఏమిస్తున్నాం? నిన్నటి పూజా నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, వంతెన మీద నుంచి విసిరి దండం పెడుతున్నాం. ఉదయం “గోదావరీ, రమ్ము” అని పిలిచిన నోటితోనే సాయంత్రం ఆమె ముఖాన చెత్త వేస్తున్నాం. ఇది ఎవరో చేస్తున్న తప్పు కాదు. దైవభక్తి గల మన ఇళ్ల నుంచే జరుగుతున్న అపచారం.

ఆరని గీతలు

కాలువల కథ ఇలా ఉంటే కొల్లేటి కథ మరింత బాధాకరం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ప్రకృతి వదిలిన పెద్ద పళ్లెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దానిలోకి నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి కొలువై ఉంది. ఫాల్గుణంలో జరిగే జాతరకు ఎన్నో ఊళ్ల నుంచి భక్తులు తరలివస్తారు.

అంతటి సరస్సు మీద మనం కూడా గీతలు గీశాం. అవి నీటి గీతలు కావు, మట్టి గట్లు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించారు. తరువాతి ఏళ్లలో మళ్లీ గట్లు వెలిశాయన్న వివాదం నడుస్తూనే ఉంది. చెరువుల మీద బతికే కుటుంబాలు కూడా మన ఇరుగుపొరుగే. వారి జీవనం చిన్న విషయం కాదు. న్యాయాన్యాయాలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. భక్తుడిగా నాకు తోచినది మాత్రం చెబుతాను. నీటితో గీసిన గీత నీటికి దారి ఇస్తుంది. తన పని తీరగానే తప్పుకుంటుంది. నీటిని బంధించాలని గీసిన గీత తప్పుకోదు. నీరే ఒకనాడు దానిని చెరపడానికి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఆ పాఠం అందరం చూశాం. కొల్లేటికి చేరవలసిన ఏరు తన దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చింది.

అమ్మమ్మ కాలంలో సరస్సు నీటినే బిందెతో ముంచి తెచ్చి, గుడ్డతో వడగట్టి, కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి, పైన తేట నీరు నిలిచేది. ఆ తేటనే దేవుడికీ, ఇంటిల్లిపాదికీ. దేవుడికి ఒక నీరు, మనుషులకు ఒక నీరు అన్న తేడా ఆ ఇంట్లో లేదు. మనం పోగొట్టుకున్నది ఆ ఏకత్వమే.

రేపటి నుంచి

అందుకే మీకు రెండు పనులు సూచిస్తున్నాను. రెండూ కలిస్తేనే సాధన.

మొదటిది, ఆ గీతను నిదానంగా గీయండి. దేవుడి గది నేల నున్నని టైల్స్ అయితే నీరు గీతగా నిలవదు. ముత్యాల్లా విడిపోయి దగ్గరికి ముడుచుకుంటుంది. అందుకని చిన్న కడప బండ పలక ఒకటి ఉంచుకోండి. ఉద్ధరిణెడు నీరు చాలు. అంతకు మించితే అది గీత కాదు, వృథా. ఉంగరపు వేలిని తడిపి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క నిండు శ్వాసగా, చేయి ఎత్తకుండా చతురస్రం పూర్తి చేయండి. నైవేద్యం ఉంచి నివేదించిన తరువాత పళ్లెం బయట కనిపించే తడిని చూస్తూ మీ ఇష్టదైవ నామాన్ని స్మరించండి. తుడవకండి. నీరు తానే వెళ్లేదాకా కూర్చోండి. మనసు ఎటో వెళుతుంది. వెళ్లిందని తెలిసినప్పుడు గీత ఎంతవరకు ఆరిందో చూడండి. అంతసేపు మీరు అక్కడ లేరన్న మాట! నిందించుకోనక్కర లేదు. మిగిలిన తడి దగ్గరికి తిరిగి రండి.

పండుగ సెలవుల్లో పిల్లలను కూడా కూర్చోబెట్టండి. చతురస్రం కాకపోతే వలయాలు, మెలికలు, వారి చేతికి తోచిన గీతలే గీయనివ్వండి. పూజకు వేరుగా, డాబా మీదో వరండాలోనో ఆ ఆట సాగనివ్వండి. దానిని ఫొటో తీయాలన్న కోరికను ఆ కాసేపు అణచుకోండి. ఫొటోలో నిలిచిన నీటి గీత ఇక నీటి గీత కాదు.

రెండవది, గీసే ముందు ప్రతిరోజూ ఒక ప్రశ్న వేసుకోండి. “ఈ నీటిని నేను తాగగలనా?” తాగగలిగితే కృతజ్ఞత చెప్పండి. సందేహం ఉంటే, నీరు మార్చి ఊరుకోకుండా, మీ వీధి కొళాయి గురించి, మీ కాలువ గురించి అడగవలసినవారిని అడగండి. నిర్మాల్యాన్ని కాలువలో వేయడం ఈ వారంతో మానండి. పూలను, పత్రిని పెరటి చెట్టు మొదట్లో వేయండి. పెరడు లేనివారు కుండీలో మట్టి కప్పండి. అవి మళ్లీ పువ్వులై దేవుడి దగ్గరికే వస్తాయి.

“మంత్రం లేకుండా గీత గీస్తే పుణ్యం వస్తుందా?” అని అడిగేవారికి నా సమాధానం ఇది. మంత్రం వచ్చినవారు మానేయమని నేను అనడం లేదు. మంత్రం నాలుక మీద ఉండి మనసు అంగట్లో ఉంటే ఆ పూజ సగమే. వేలు, చూపు, శ్వాస, నామం ఒక్క తడి గీత మీద కలిస్తే ఆ కాసేపూ మనిషి మొత్తంగా దేవుడి ముందు కూర్చుంటాడు. మన పెద్దలు కోరినది ఆ కూర్చోవడాన్నే అని నా నమ్మకం.

అమ్మమ్మ లేదు. ఆ వంటిల్లూ లేదు. కడప బండ మాత్రం మా ఇంటికి చేరింది. ఇవాళ ఉదయం కూడా దాని మీద గీత గీశాను. నాలుగు గీతలు పోయి, నాలుగు బిందువులు మిగిలి, అవీ పోయాక లేచాను. రేపు మీ ఇంట నైవేద్యం పెట్టాక వెంటనే లేవకండి. గీత ఆరేదాకా కూర్చోండి. దేవుడు తినడానికి ఆ మాత్రం వ్యవధి ఉండాలి కదా!